పేపర్లలో గేలు, లెస్బియన్లు: ముందు ఆ వార్త ఎవరు చెప్పారో చూడండి

మీరు అడిగింది ఇది: గే, లెస్బియన్ మనుషుల గురించి మన పేపర్లు ఒకప్పుడు ఎలా రాసేవి, ఇప్పుడు నిజంగా మారాయా లేక పైపై మెరుగులేనా, ఎంఏ జర్నలిజం ప్రాజెక్టు కోసం పోల్చి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి. కాస్త పెద్ద జవాబే ఇస్తున్నా, ఓపిగ్గా చదవండి.

చాలామంది చేసే పని, పాత హెడ్డింగులూ కొత్త హెడ్డింగులూ పక్కపక్కన పెట్టి, అప్పట్లో వెకిలిగా రాసేవారు, ఇప్పుడు మర్యాదగా రాస్తున్నారు అని తేల్చేయడం. గైడు మార్కులు వేసేస్తారు గానీ అసలు సంగతి చేతికి చిక్కదు. తెలుగు పేపర్ల డెస్కుల్లో, అంటే వచ్చిన వార్తలు దిద్ది హెడ్డింగులు పెట్టే చోట, చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి నేను చెప్పేది ఒక్కటే: హెడ్డింగు పెట్టినవాడి మనసు ఎలాంటిదో తర్వాత చూడొచ్చు, ముందు ఆ వార్త ఆఫీసుకి ఎవరి నోటి నుంచి వచ్చిందో చూడండి. పోలీసు చెప్పిన వార్తలో గే అంటే నిందితుడు. డాక్టరు చెప్పిన వార్తలో రోగి. లాయరు చెప్పినప్పుడు పిటిషనర్. తనే నోరు విప్పినప్పుడు మాత్రమే ఉద్యోగం, అద్దె ఇల్లు, అమ్మతో గొడవ ఉన్న మామూలు మనిషి. దాదాపు నలభై ఏళ్లలో మారిందంటూ ఉంటే ప్రధానంగా ఈ చెప్పేవాళ్లే, అది కూడా అన్ని పేజీల్లో మారలేదు.

ఇది మన ఒక్కరి జబ్బు అనుకోకండి. న్యూయార్క్ టైమ్స్ 1963 డిసెంబరు 17న మొదటి పేజీలో, నగరంలో స్వలింగ సంపర్కులు బాహాటంగా కనబడటం పెరిగిపోయిందని, దాని మీద ఆందోళన వ్యక్తమవుతోందని పెద్ద కథనం వేసింది. ఆందోళన ఎవరిదయ్యా అంటే పోలీసులది, మానసిక వైద్యులది. 1969 జూన్‌లో స్టోన్‌వాల్ అనే న్యూయార్క్ గే బార్ మీద పోలీసులు పడితే జనం తిరగబడ్డారు, ఇవాళ ప్రపంచంలో చాలాచోట్ల జూన్‌లో ప్రైడ్ ఉత్సవం జరుపుకునేది దాన్ని తలుచుకునే. మర్నాడు అదే పేపరు లోపల 33వ పేజీలో వేసిన చిన్న వార్తకి హెడ్డింగు ఏమిటో తెలుసా? దాడిలో నలుగురు పోలీసులకు గాయాలని! 1981 జులై 3న 41 మంది స్వలింగ సంపర్కుల్లో అరుదైన క్యాన్సర్ కనబడిందని ఇంకో లోపలి పేజీ వార్త వచ్చింది. తర్వాత ఎయిడ్స్ అని పేరు పడింది దానికే. ఆ పేపర్లో అది మొదటి పేజీ ఎక్కడానికి 1983 మే దాకా పట్టింది.

మన దేశానికొద్దాం. ఇక్కడ తన గురించి తాను చెప్పుకున్న తొలి గొంతుల్లో ఒకటి అశోక్ రావ్ కవిది, ఆయన స్వయంగా జర్నలిస్టు. 1986లో శావీ అనే మహిళల పత్రిక ఇంటర్వ్యూలో తాను గేనని చెప్పారు, 1990లో బాంబే దోస్త్ అనే గే పత్రిక మొదలుపెట్టారు. కానీ చదువరుల ఇళ్లలోకి ఈ విషయం అడుగుపెట్టింది వేరే వార్తతో. 1987 చివర్లో భోపాల్‌లో మధ్యప్రదేశ్ సాయుధ పోలీసు దళానికి చెందిన ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు పెళ్లి చేసుకున్నారు, డిపార్ట్‌మెంట్ వాళ్లని ఉద్యోగాల్లోంచి తీసేసింది, 1988 ఫిబ్రవరికల్లా అది దేశమంతటా వార్త అయింది. ఎక్కువ కథనాలు వీళ్లెందుకిలా అయ్యారు అని కారణం వెతికే పనిలో పడ్డాయి. అయితే రిపోర్టర్లు అధికారుల దగ్గర ఆగిపోకుండా ఊళ్లోకి కూడా వెళ్లారు కాబట్టి ఒక మంచి మాట దొరికింది. పొరుగున ఉండే టీచరమ్మ ఒకావిడ, పెళ్లంటే రెండు ఆత్మలు కలవడం కదా, ఆడా మగా మధ్యే జరగాలని ఏ శాస్త్రంలో రాసుంది అన్నారు. 1988లో! ఇప్పటి టీవీ చర్చలో అదే మాట అంటే పక్కనున్న నలుగురు మీదపడి అరుస్తారు. నేను చెప్పేది ఇదే: రిపోర్టరు అడుగు దూరం జరిగి ఇంకొకర్ని అడిగితే వార్త రంగే మారిపోతుంది.

ఇక మన తెలుగు పేపర్లు. ఇది సరిగ్గా అర్థం కావాలంటే జిల్లా పేజీల లెక్క తెలియాలి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక, మిగతావాళ్లూ అదే బాట పట్టాక, రోజూ ప్రతి జిల్లాకీ బోలెడు పేజీలు నింపాల్సిన పని పడింది. మండలానికో కంట్రిబ్యూటర్. అతనికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది, అంటే ఎంత అచ్చయితే అంత డబ్బు. పొద్దున లేస్తే అతను వెళ్లే చోట్లు పోలీస్ స్టేషన్, ప్రభుత్వాసుపత్రి, మండలాఫీసు. అలాంటివాడి దగ్గర్నుంచి గే, లెస్బియన్ల వార్త వచ్చిందంటే ఎక్కణ్ణుంచి వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అతను పంపే వార్త, అంటే మా భాషలో కాపీ, ఎలా ఉంటుందో చెప్తా, ఇలాంటివి ఎన్ని చూశానో లెక్కలేదు. ఇద్దరమ్మాయిలు ఇంట్లో చెప్పకుండా వెళ్లిపోయారు. ఒకమ్మాయి తండ్రి మిస్సింగ్ కేసు పెట్టాడు. కొన్నాళ్లకి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఏ లేడీస్ హాస్టల్లోనో దొరికారు, ఎస్సై స్టేషన్‌కి తీసుకొచ్చి కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకి అప్పగించారు. కాపీలో ఇద్దరి పేర్లుంటాయి, ఊళ్లుంటాయి, చదివే కాలేజీ, తండ్రులు చేసే పని, స్టేషన్లో ఇచ్చిన పాస్‌పోర్టు సైజు ఫొటోలు అన్నీ ఉంటాయి. ‘మేం కలిసే ఉంటాం’ అని ఆ పిల్లలు అన్నట్టు ఒక్క వాక్యం ఉంటుంది, అదీ ఎస్సై చెప్పిందే. డెస్కులో దాన్ని ప్రేమాయణం చేస్తారు, కాస్త జాగా మిగిలితే చుట్టూ బాక్సు కట్టి వింత అంటారు. ఇద్దరూ మేజర్లే, మరి ఎవరికీ అప్పగించాల్సిన వస్తువులు కాదు కదా అన్న ప్రశ్న కాపీ పంపినవాడికీ రాదు, దిద్దినవాడికీ రాదు. ఆ రాత్రి ఇంట్లో ఏం జరిగింది, చదువు మానిపించారా, నెల తిరక్కుండా పెళ్లి చేసేశారా, ఎవరూ కనుక్కోరు. ఫాలోఅప్ ఉండదు. పోలీసుకి కేసు క్లోజయింది, పేపరుకీ అయింది.

గమనించారా, పైన అమ్మాయిలనే అన్నాను. మగవాళ్లు పేపర్లోకి వచ్చే దారి వేరు. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ నీడ వాళ్ల మీద ఎక్కువగా ఉండేది, అందుకని వాళ్లు పార్కుల దగ్గర పట్టివేత, రాకెట్, బ్లాక్‌మెయిల్, హత్య, ఈ వరసలో కనబడతారు. ఆడవాళ్లు మిస్సింగ్, వింత పెళ్లి, జంట ఆత్మహత్యల్లో కనబడతారు. మీరు ప్రాజెక్టులో రెంటినీ ఒక గంపలో వేసి లెక్కగడితే రెండూ తప్పుతాయి. కేరళలో 2000ల మొదట్లో సహయాత్రిక అనే బృందం పని మొదలుపెట్టింది ఇలాంటి క్లిప్పింగులతోనే. కలిసి ప్రాణం తీసుకున్న అమ్మాయిల వార్తలు ఏరి, ఆ కుటుంబాల్నీ ఊళ్లనీ వెతుక్కుంటూ వెళ్లారు. పేపరు నాలుగు లైన్లతో వదిలేసిన దాన్ని వాళ్లు చివరిదాకా చదివారు.

మగవాళ్ల విషయంలో లక్నో ఉదంతం తప్పక చూడండి. 2001 జులైలో అక్కడ పోలీసులు భరోసా, నాజ్ ఫౌండేషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థల్లో ఎయిడ్స్ నివారణ మీద పనిచేసే నలుగుర్ని అరెస్టు చేశారు. వాళ్ల ఆఫీసుల్లో దొరికినవి ఆరోగ్య ప్రచార సామగ్రి. పేపర్లలో మాత్రం గే క్లబ్బుల గుట్టు రట్టయిందని వచ్చింది, ఎందుకంటే పోలీసులు అలా చెప్పారు. వాళ్లు నెలన్నర జైల్లో ఉన్నారు. 2006 జనవరిలో అదే ఊళ్లో మళ్లీ నలుగురు, పిక్నిక్ స్పాట్‌లో పట్టుకున్నామని పోలీసులు చెప్పారు, ఆ కథ అలాగే అచ్చయింది, తర్వాత వెళ్లిన నిజనిర్ధారణ బృందం ఇంకో కథ చెప్పింది. మొదటి కథకి పడిన అక్షరాల సైజు రెండోదానికి పడదు, ఇది ఏ వార్తకైనా ఉన్న కష్టమే. ఈ మధ్యలో 2004 ఆగస్టులో దిల్లీలో ఇద్దరు మగవాళ్ల జంట హత్య జరిగితే, చంపిందెవరో పక్కనపెట్టి చచ్చిపోయినవాళ్ల పార్టీలు, పరిచయాలు, అలవాట్ల గురించి రోజుల తరబడి రాశారు. అవి ఇంగ్లిష్ పేపర్లే సుమా, పెద్ద చదువులు చదివిన రిపోర్టర్లే. ఇంగ్లిష్‌వాళ్లు ముందే మారిపోయారు, భాషా పత్రికలే వెనకబడ్డాయి అని ఎవరైనా మీ గైడు కమిటీలో అంటే ఈ ఫైలు చూపించండి.

ఆరోగ్యం పేజీల గురించి ఎక్కువ చెప్పను. 1990ల్లో ఎయిడ్స్ వార్తలు వెల్లువెత్తాక గే అంటే ‘హైరిస్క్ గ్రూపు’ అనే పట్టికలో ఒక వరస, అంతే. దానికి పక్కనే వారపత్రికల్లో డాక్టర్ని అడిగే శీర్షికలు. ‘నాకు పెళ్లంటే ఇష్టం లేదు, నా స్నేహితుడంటేనే...’ అని పొడి అక్షరాలతో వచ్చే ఉత్తరాలు నేనూ చదివాను, పెళ్లయితే అదే సర్దుకుంటుందనే జవాబులూ చదివాను. ఆ జవాబు నమ్మి పెళ్లి చేసుకున్నవాడి సంగతి ఒకటి, అతన్ని చేసుకున్న అమ్మాయి సంగతి ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మన భారతీయ సైకియాట్రిక్ సొసైటీ ఇది జబ్బు కాదని బాహాటంగా చెప్పడానికి 2018 అయింది. ఆ మధ్య ఇరవై ఎనిమిదేళ్లూ డాక్టర్ల శీర్షికల్లో ఎవరేం రాశారో ఎవరైనా కూర్చుని ఏరితే అదొక్కటే ఒక పీహెచ్‌డీ.

గొంతు మారడం మొదలైంది ఎప్పుడంటే, 1991లో ఏబీవీఏ (ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్) అనే దిల్లీ సంస్థ గేల పరిస్థితి మీద ఒక నివేదిక తెచ్చింది, 1992 ఆగస్టు 11న పోలీసు హెడ్‌క్వార్టర్స్ ముందు ధర్నా కూడా చేసింది, కానీ అప్పటికి అవి చిన్న వార్తలు. గట్టిగా కళ్లబడింది 1998 డిసెంబరులో. ఇద్దరాడవాళ్ల ప్రేమ మీద దీపా మెహతా తీసిన ఫైర్ సినిమా ఆడుతున్న థియేటర్ల మీద ముంబయిలో, దిల్లీలో దాడులు జరిగాయి. దానికి జవాబుగా దిల్లీ రీగల్ థియేటర్ ముందు ఆడవాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు, వాళ్లలో కొందరి చేతుల్లో తాము భారతీయులమూ లెస్బియన్లమూ అని రాసిన అట్టలు. ఆ ఫొటోలు అచ్చయ్యాయి. పోలీసు లేకుండా, డాక్టరు లేకుండా, మొహం కప్పుకోకుండా. సినిమా బాగుందా బాగోలేదా అన్న గొడవ ఈపాటికి అందరూ మర్చిపోయారు గానీ నాకు ఆ ఫొటోలే గుర్తు.

తర్వాతది కోర్టుల కాలం, ఇది మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్తా. 2009 జులై 2న పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంటూ దిల్లీ హైకోర్టు తీర్పు, 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయడం, 2018 సెప్టెంబరు 6న ఐదుగురు జడ్జీల బెంచ్ మళ్లీ నిలబెట్టడం, 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు ఇవ్వలేమనడం. పేపర్లకి ఇది పెద్ద ఉపకారం చేసింది. జడ్జి అన్న మాటని వెకిలిగా రాయలేం కదా, జిల్లా పేజీల్లో వింత అని బాక్సు కట్టిన డెస్కే మెయిన్ పేజీలో గౌరవం, గోప్యత, సమానత్వం అని రాయాల్సొచ్చింది. 2013 తీర్పు తర్వాత ఇండియా టుడే ముఖచిత్రం మీద రచయిత విక్రమ్ సేథ్ గడ్డం మాసి, జుట్టు చెదిరి, చేతిలో ‘నేరస్తుణ్ణి కాను’ అనే పలక పట్టుకుని కనబడ్డారు. జైల్లో ఖైదీకి తీసే ఫొటోలా. పోలీసు ఇచ్చే ఫొటోని తిరగేసి పోలీసు మొహాన కొట్టినట్టు ఉంటుంది, ఇంతకంటే మంచి ఉదాహరణ మీకు దొరకదు.

ఇప్పుడు రెండు ఉదాహరణలు కాస్త తీరిగ్గా చూద్దాం, రెండూ 2009 దిల్లీ హైకోర్టు తీర్పు వచ్చాక జరిగినవే. 2010 ఫిబ్రవరిలో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ చెప్పే ప్రొఫెసర్ రామచంద్ర శిరస్ ఇంట్లోకి ఇద్దరు కెమెరా పట్టుకుని చొరబడ్డారు. ఆయన ఇంకో మగవాడితో ఉండటం చిత్రీకరించారు, మర్నాడే యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. ఆయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు, మరాఠీలో కవి. మొదటి వార్తల్లో ఇవేవీ లేవు, ఉన్నది ‘అసభ్య ప్రవర్తన’ అని యూనివర్సిటీ చెప్పిన ముక్క. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రిపోర్టర్ దీపు సెబాస్టియన్ ఎడ్మండ్ చేసింది పెద్ద పరిశోధనేం కాదు, ఆ మనిషితోనే మాట్లాడాడు. ఆయన ఎలా బతుకుతారు, ఏం చదువుతారు, ఆ రాత్రి ఏమైంది, ఇప్పుడు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది. అక్కణ్ణుంచి వార్త దారే మారింది, తప్పు చేసింది ఇంట్లోకి చొరబడ్డవాళ్లన్న సంగతి బయటపడింది. అలహాబాద్ హైకోర్టు ఏప్రిల్ మొదట్లో సస్పెన్షన్ ఆపింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 7న, ఆయన అద్దె ఇంట్లో శవమై కనబడ్డారు.

రెండోది మన హైదరాబాద్‌దే. 2011 ఫిబ్రవరిలో టీవీ9 నగరంలో గే సంస్కృతి పెరిగిపోయిందంటూ కథనం నడిపింది. ఒక డేటింగ్ సైట్లో ఉన్న ప్రొఫైళ్లు, ఫొటోలు తెరమీద పెట్టారు, ఫోన్లు చేసి మాట్లాడించి ఆ రికార్డింగులు వినిపించారు. అప్పటికి దిల్లీ హైకోర్టు తీర్పు వచ్చి ఏడాదిన్నర దాటింది, అంటే వాళ్లు చేస్తున్నది నేరమేం కాదు. న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ (వార్తా చానెళ్లు తమకి తాము పెట్టుకున్న నియంత్రణ సంస్థ) మార్చిలో లక్ష రూపాయల జరిమానా వేసి, తెరమీద క్షమాపణ చెప్పమంది. టీవీ గొడవ పేపర్ల ప్రాజెక్టుకెందుకు అంటారేమో. చెప్పేవాళ్లే లేని వార్త ఎలా ఉంటుందో చూడటానికి. ఇక్కడ పోలీసు లేడు, కోర్టు లేదు, ఫిర్యాదిదారు లేడు, రిపోర్టరే అన్నీ అయ్యాడు, అవతలివాళ్లు మాట్లాడారు గానీ వార్త కోసం మాట్లాడుతున్నామని వాళ్లకి తెలియదు. ఎవరి గొంతు వినబడింది అని మాత్రమే లెక్క రాసుకుంటే మీ పట్టికలో ఇది మంచి మార్కులతో పాసైపోతుంది. అందుకని ఆ మనిషి తెలిసి, ఒప్పుకుని మాట్లాడాడా అన్న గడి కూడా పెట్టుకోండి.

అందరూ మర్చిపోయే చోటు ఇంకోటుంది, క్లాసిఫైడ్స్. 2015 మేలో ముంబయి మిడ్-డేలో ఒక తల్లి, పద్మా అయ్యర్, తన కొడుకు హరీశ్‌కి వరుడు కావలెనని ప్రకటన ఇచ్చారు. 25 నుంచి 40 ఏళ్ల మధ్య, మంచి ఉద్యోగం, జంతువులంటే ప్రేమ, శాకాహారి. అంతకుముందు వేరే పేపర్లు వెయ్యం అన్నాయి. ఆ ప్రకటనలో చివర్న, కులపట్టింపు లేదు గానీ అయ్యర్ అయితే మేలు అని ఉంది! దానిమీద వేరే రచ్చ జరిగింది, సరదాగా అన్నానని ఆవిడ చెప్పుకున్నారు. సరదా అయినా కాకపోయినా, ఈ దేశపు పెళ్లిపందిరి కాలమ్‌లోకి ఇంతకంటే పక్కాగా ఇంకెవరూ అడుగుపెట్టలేరు. అమ్మ ఇచ్చిన ప్రకటన, అమ్మ డబ్బు, అమ్మ షరతులు. రిపోర్టరు ప్రమేయమే లేదు.

2021 డిసెంబరులో హైదరాబాద్‌కి చెందిన సుప్రియో, అభయ్ అనే గే జంట నగరానికి కాస్త దూరంలో రిసార్టులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నప్పుడు మన మీడియాలో వచ్చింది గమనించండి: హల్దీ, మెహందీ, ఎలా కలిశారు, ఇంట్లోవాళ్లు ఏమన్నారు. ఏ పెళ్లి వార్తయినా అలాగే రాస్తారు. తర్వాత సుప్రీంకోర్టులో పెళ్లి హక్కు కేసుకి ఆ సుప్రియో పేరే పడింది. ఇది మారిన భాగం, మారలేదనడం అన్యాయం. కానీ గొంతు దొరికింది ఎవరికి? ఇంగ్లిష్ వచ్చి, సొంత సంపాదన ఉండి, ఇంట్లోవాళ్ల అండ ఉండి, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి. వాళ్లు సిటీ పేజీలో దంపతులు. అదే వారం ఏ చిన్న ఊళ్లోనో స్టేషన్‌కి చేరిన ఇద్దరమ్మాయిలు జిల్లా పేజీలో ఇంకా ప్రేమాయణమే. ఒకే పేపరు, ఒకే రోజు, రెండు కాలాలు నడుస్తుంటాయి. వెబ్ డెస్కులు వచ్చాక ఈ రెండోరకం ఇంకా పెరిగింది, ఎక్కడో ఉత్తరాది ఊళ్లో ఇద్దరమ్మాయిలు గుళ్లో దండలు మార్చుకుంటే ఇక్కడ వైరల్ అని థంబ్‌నెయిల్ తయారు.

ప్రైడ్ ఫొటోల గురించి కూడా ఒక ముక్క. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ నడక జరుగుతోంది. ఫొటోగ్రాఫర్ వంద క్లిక్కులు కొడతాడు, డెస్కు ఎంచేది రెక్కలు, రంగులు, మేకప్ ఉన్న ఒక్కటి. గళ్ల చొక్కా వేసుకుని బ్యాగు తగిలించుకుని నడిచే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఎప్పుడూ ఫొటో అంచులో తెగిపోతాడు. అతను ఫొటోలో పడకుండా తప్పుకునే అవకాశమూ ఉంది లెండి, అదీ ఆలోచించాల్సిందే.

ఇక మీరు ఏం చేయాలి. తీర్పుల మర్నాటి పేపర్లు అందరూ తీస్తారు, మీరూ తీయండి: 2009 జులై 3, 2013 డిసెంబరు 12, 2018 సెప్టెంబరు 7, 2023 అక్టోబరు 18. వాటితో పాటు ఏ తీర్పూ, ఏ ప్రైడూ లేని మామూలు నెలలు కొన్ని తీసుకోండి, అసలు సరుకు అక్కడే ఉంటుంది. ప్రతి వార్తకీ ఏ పేజీ, మొదట మాట్లాడింది ఎవరు, ఆ మనిషి స్వయంగా మాట్లాడాడా, తెలిసి మాట్లాడాడా, పేరూ చిరునామా వేశారా, ఫొటో ఎవరిచ్చారు, ఫాలోఅప్ వచ్చిందా అని రాసుకోండి. వాడిన మాటలు చివర్న చూడండి, ముందే వాటిలో పడితే బయటికి రారు. ఇంకో విషయం, పాత మిస్సింగ్ వార్తల్లోని అమ్మాయిల పేర్లు, ఊళ్లు మీ థీసిస్‌లో మళ్లీ వేయకండి. వాళ్లు ఇవాళ ఎవరికో అమ్మలు, అత్తలు అయ్యుండొచ్చు.

పాత సంచికలకి హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం మంచి చోటు, యూనివర్సిటీ లైబ్రరీల్లో బైండు చేసిన ఫైళ్లు కూడా చూడండి. ఈ-పేపర్ల మీద ఆధారపడకండి, వెనక్కి ఎక్కువ ఏళ్లు దొరకవు. చాలా లైబ్రరీలు మెయిన్ పేపరు బైండు చేసి జిల్లా అనుబంధాలు తూకానికి వేసేస్తాయి, మీకు కావాల్సింది అవే కాబట్టి బస్సెక్కే ముందే ఫోన్ చేసి, ఏ జిల్లావి ఏ సంవత్సరం దాకా ఉన్నాయో కనుక్కోండి.